ముందు నకలు, తర్వాతే మరమ్మతు

ఇంటర్మీడియట్‌లో చేరాక మీలో కొందరు లవణ విశ్లేషణ అనే ప్రయోగం చేస్తారు. చిన్న పొట్లంలో ఏదో తెల్లని లవణం ఇచ్చి, అదేమిటో కనుక్కోమంటారు. తొందరపడే కుర్రాడు పొట్లం మొత్తం పరీక్షనాళికలో ఒంపేసి ఆమ్లం పోసేస్తాడు. రంగు మారదు, వాయువు రాదు. సరే, ఇంకో పరీక్ష చేద్దామంటే చేతిలో లవణం లేదు. తెలివైన పిల్ల అయితే చిటికెడు తీసుకుని మిగిలినది పొట్లంలోనే దాచుకుంటుంది. ఎన్నిసార్లు తప్పినా ఆమెకు మళ్ళీ మొదలు పెట్టే అవకాశం ఉంటుంది.

ముప్ఫై ఏళ్ళుగా ఈ మాట పిల్లలకు చెబుతున్న నేను, మా బడి కంప్యూటర్ దగ్గరకు వచ్చేసరికి ఆ తొందరపడే కుర్రాణ్ణే అయ్యాను. ఈ నెల నేను రాయబోయేది రసాయనశాస్త్రం గురించి కాదు, ఆ కంప్యూటర్ గురించి.

మా బడిలో పదకొండేళ్ళుగా ఒక అలవాటు ఉంది. తొమ్మిదో తరగతి పిల్లలు సెలవుల్లో తమ ఊళ్ళలోని ముసలమ్మల దగ్గరకు వెళ్ళి దంపుళ్ళ పాటలు, నాట్ల పాటలు రికార్డు చేసుకొస్తారు. చెరువుకు వచ్చే పక్షుల ఫోటోలు తీస్తారు. వర్షమాపకంలో రోజూ నీటిమట్టం చూసి రాస్తారు. వాన లెక్కలు నోటుపుస్తకంలో ఉండేవి. పాటలు, ఫోటోలు, ప్రయోగాల వీడియోలు మాత్రం ప్రయోగశాల మూలన ఉన్న పాత కంప్యూటర్‌లో ఉండేవి. మా పాత విద్యార్థి ఒకడు దానిలో 1 టెరాబైట్ డిస్కులు నాలుగు అమర్చి, లినక్స్ వేసి, వాటిని ఒక వరుసగా కలిపాడు. దీనినే రెయిడ్ అంటారు. “ఒక డిస్కు పోయినా మీ సమాచారం పోదు మాస్టారూ” అన్నాడు. నిజమే చెప్పాడు. ఆ మాటలో “ఒక” అన్నది నేను సరిగా వినలేదు.

ముందు ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం. తరగతిలో ఆడుకుంటూ కూడా తెలుసుకోవచ్చు. నలుగురు పిల్లలు వరుసగా నిలబడండి. మొదటి ముగ్గురూ తలా ఒక కాగితం మీద తమకిష్టమైనట్లు 0 గాని 1 గాని రాసుకోండి. నాలుగోవాడికి మాత్రం ఇష్టం లేదు, ఒక నియమం ఉంది: నలుగురి దగ్గరా కలిపి 1లు సరిసంఖ్యలో ఉండేటట్లు అతను రాయాలి. ముగ్గురి దగ్గరా 1, 0, 1 ఉంటే అప్పటికే రెండు ఒకట్లున్నాయి, కాబట్టి నాలుగోవాడు 0 రాస్తాడు. 1, 1, 1 ఉంటే 1 రాస్తాడు. ఇప్పుడు వాళ్ళలో ఎవరో ఒకరిని బయటికి పంపేయండి. మిగిలిన ముగ్గురి కాగితాలు చూసి, వెళ్ళినవాడి కాగితంలో ఏముందో చెప్పగలరా? తేలికే. మిగిలిన ఒకట్లు బేసి అయితే అతని దగ్గరున్నది 1, సరి అయితే 0. ఎవరు వెళ్ళినా ఇదే లెక్క. కాని ఇద్దరు వెళ్ళిపోతే? ఎంత ఆలోచించినా చెప్పలేరు. ఒకట్లు బేసి అయితే ఆ ఇద్దరిలో ఒకడి దగ్గర 1 ఉందని తెలుస్తుంది, ఎవడి దగ్గరో తెలియదు.

రెయిడ్ 5 అనేదానిలో ఉన్న కిటుకంతా ఇంతే. కాకపోతే సరి-బేసి లెక్క రాసే పని ఎప్పుడూ ఒకే డిస్కు మీద పడకుండా వంతులవారీగా నాలుగింటికీ తిరుగుతుంది. నాలుగు డిస్కులలో మూడు డిస్కులంత సమాచారం పడుతుంది, ఒక డిస్కంత చోటు ఈ లెక్కకు పోతుంది. రెండు డిస్కులు పోయినా తట్టుకునే రెయిడ్ 6 ఉంది. ఒకదానికొకటి అద్దంలా ఉండే రెయిడ్ 1 ఉంది. రెయిడ్ 0 అని ఇంకొకటి ఉంది కాని దానికి ఈ పేరు ఎందుకు పెట్టారో నాకు అర్థం కాదు, అందులో రక్షణే లేదు.

ఈ రెయిడ్ అన్న పేరు 1988లో ప్రచారంలోకి వచ్చింది. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ అనే ముగ్గురు ఒక పరిశోధన వ్యాసం రాశారు. అప్పట్లో పెద్ద కంప్యూటర్లకు వాడే డిస్కులు బీరువాలంత ఉండేవి, ఖరీదూ ఎక్కువే. వాటికి బదులు చిన్న కంప్యూటర్లలో వాడే చవక డిస్కులు చాలా కలిపి వాడితే ఎలా ఉంటుందని వాళ్ళు ఆలోచించారు. అయితే ఒక చిక్కు ఉంది. పెళ్ళిపందిరికి కట్టే సీరియల్ బల్బుల దండ చూశారు కదా? బల్బులు ఎన్ని ఎక్కువైతే ఏదో ఒకటి మాడిపోయే రోజు అంత తొందరగా వస్తుంది. డిస్కులూ అంతే. అందుకే ఒకటి మాడినా దండ వెలుగుతూనే ఉండే ఉపాయం అవసరమయ్యింది. లినక్స్‌లో ఈ పని ప్రత్యేకమైన కార్డు ఏదీ లేకుండా సాఫ్ట్‌వేరే చేస్తుంది. దానిని నడపడానికి ఎండీఏడీఎం అనే పనిముట్టు ఉంది, 2001లో నీల్ బ్రౌన్ రాశాడు. ఖర్చు లేదు. డిస్కుల వివరాలు డిస్కులలోనే ఉంటాయి కాబట్టి కంప్యూటర్ కాలిపోయినా వాటిని తీసి ఇంకో లినక్స్ కంప్యూటర్‌కు తగిలించుకోవచ్చు. బడులవంటి చోట కార్డు కంటే ఇదే మేలని నేను ఇప్పటికీ అంటాను.

ఇక నా సంగతి. 2022 మే నెలలో మూడో డిస్కును వరుస నుంచి కంప్యూటరే బయటికి నెట్టేసింది. నెట్టేశానని ఒక ఉత్తరం కూడా రాసింది. ఆ ఉత్తరం “రూట్” అనే పేరుమీద కంప్యూటర్ లోపలే ఒక పెట్టెలో పడింది. ఆ పెట్టె ఒకటుందనే మాకు తెలియదు. బడి తెరిచాక జులైలో చూసుకుని, పట్నంలో కొన్న దుకాణానికి వెళ్ళాను. పాత డిస్కు ఇస్తేనే గ్యారంటీ కింద కొత్తది ఇస్తామన్నారు. ఇచ్చేశాను. కొత్తది తెచ్చి పెట్టి, తిరిగి నింపమని ఆజ్ఞ ఇచ్చాను. మిగిలిన మూడు డిస్కులనూ మొదటి నుంచి చివరివరకు చదివి, పోయిన దానిలోని ప్రతి బిట్‌నూ లెక్కకట్టి కొత్తదానిలో రాయాలి. 61 శాతం దగ్గర మొదటి డిస్కులో ఒక చోట చదవడానికి రాలేదు. వెంటనే దాన్నీ బయటికి నెట్టేసింది. నలుగురిలో ఇద్దరు లేరు. వరుస ఆగిపోయింది.

ఇందులో దురదృష్టం కన్నా అజ్ఞానమే ఎక్కువ. డిస్కులో చాలా భాగం మనం ఏళ్ళ తరబడి ముట్టుకోం. ఎక్కడైనా చెడినా అక్కడ చదివినప్పుడే తెలుస్తుంది. మొత్తం చదవవలసి వచ్చేది సరిగ్గా ఇంకో డిస్కు పోయినప్పుడు, అంటే మనకు ఏ ఆసరా లేనప్పుడు. మామూలు డిస్కులు తయారుచేసేవారు కోటి కోట్ల బిట్లు చదివితే ఒక చోట చదవలేకపోవచ్చని తమ కాగితాల్లోనే రాస్తారు. కోటి కోట్లంటే ఎంతో అనిపిస్తుంది కాని 8 తో భాగించి చూడండి, 12.5 టెరాబైట్లు. మా డిస్కులు మూడింటినీ చదివితేనే 3 టెరాబైట్లు. ఆ అంకె గరిష్ఠ హద్దు, చాలా డిస్కులు అంతకంటే బాగానే పనిచేస్తాయి. కాని దాని మీద భరోసా పెట్టుకుని కూర్చునేంత పెద్ద అంకె కాదు. ఇందుకే నెలకొకసారి డిస్కులన్నిటినీ మొత్తం చదివి చూసుకునే తనిఖీ ఒకటి పెడతారు. మా కంప్యూటర్‌లోనూ ఉంది, ప్రతి నెలా మొదటి ఆదివారం అర్ధరాత్రి దాటాక. శనివారం సాయంత్రం మేము దానిని ఆపేసి తాళం వేసుకుని వెళ్ళేవాళ్ళం!

వరుస ఆగిపోయాక నేను ఏం చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆపి ఆన్ చేశాను. మళ్ళీ ఆపి ఆన్ చేశాను. తీగలు కదిపాను. తెలిసినవారొకరు చూసి, అదే నాలుగు డిస్కులతో కొత్త వరుస సృష్టించమని ఆజ్ఞ ఇస్తే పాత సమాచారం దానంతటదే కనబడుతుందని చెప్పారు. “క్రియేట్” అని టైపు కూడా చేశాను. ఎంటర్ నొక్కేముందు ఎందుకో ఆ పాత విద్యార్థికి ఫోను చేశాను. అతను ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు.

“మాస్టారూ, ఇప్పుడది ఆన్‌లో ఉందా?”

“ఉంది నాయనా. నాలుగోసారి ఆన్ చేశాను.”

“ఆపేయండి మాస్టారూ. శనివారం నేను వస్తాను. అప్పటిదాకా దాని జోలికి పోకండి. పిల్లల్ని కూడా పోనివ్వకండి.”

ఆ శని, ఆదివారాల్లో అతను చేసిన పని చూశాక నాకు ఏర్పడిన అభిప్రాయమే ఈ వ్యాసం.

వచ్చీ రాగానే అతను కంప్యూటర్‌ను ముట్టుకోలేదు. కాగితం, కలం అడిగాడు. ఏ డిస్కు ఏ తీగకు ఉంది, దాని మీద అచ్చువేసిన సంఖ్య ఏమిటి, అన్నీ రాసుకుని ఫోటోలు తీశాడు. డిస్కులకు చెవి ఆనించి విన్నాడు. టిక్కుటిక్కుమని లోహపు చప్పుడు వస్తుంటే ఆ డిస్కు ఇక మన చేతిలో పనికాదట. దుమ్ము లేని గదులున్న నిపుణుల దగ్గరకు పంపాలి. డిస్కు లోపల తిరిగే పళ్ళేనికీ దాన్ని చదివే తలకూ మధ్య ఎడం కొన్ని నానోమీటర్లే. ఒక దుమ్ము కణం దాని ముందు కొండంత. కాబట్టి మూత విప్పి చూద్దామనే సరదా ఉన్నవారు పనికిరాని డిస్కు మీదే ఆ సరదా తీర్చుకోండి. మా డిస్కు చప్పుడు మామూలుగానే ఉంది.

తర్వాత ప్రతి డిస్కులోనూ వరుస వివరాలు ఉండే చిన్న చోటును చదివి, అచ్చుతీసి పెట్టుకున్నాడు. అందులో ఒక అంకె నాకు చాలా నచ్చింది. వరుసలో ఏదైనా మార్పు జరిగినప్పుడల్లా అందులో ఉన్న డిస్కులన్నీ ఒక లెక్క పెంచుకుంటాయి. మీ హాజరుపట్టీ వంటిది. మే నెలలో వెళ్ళిపోయిన డిస్కు లెక్క అక్కడే ఆగిపోతుంది, మిగిలినవి ముందుకు పోతాయి. ఎవరి దగ్గర పాత పాఠం ఉందో, ఎవరి దగ్గర కొత్త పాఠం ఉందో దీనివల్ల తెలుస్తుంది. మా రెండో, నాలుగో డిస్కుల లెక్కలు సమానం. మొదటి డిస్కు లెక్క వాటికంటే కొద్దిగా తక్కువ, జులైలో చివరి నిమిషంలో వెళ్ళింది కదా. ఆ మూడూ కలిస్తే చాలు.

అప్పుడు కలుపుతాడనుకున్నాను. కలపలేదు! తన సంచిలోంచి 4 టెరాబైట్ల డిస్కులు రెండు తీశాడు. ముందు నకళ్ళు తీస్తానన్నాడు.

“మూడూ కలిపి చూసి, పాటలు కనబడితే అవి మాత్రం తీసుకోవచ్చు కదరా?” అన్నాను.

“జబ్బుగా ఉన్న డిస్కు ఇంకెంతసేపు పనిచేస్తుందో మనకు తెలియదు మాస్టారూ. అది చదవగలిగే నాలుగు గంటల్నీ నకలు తీయడానికే వాడాలి. వెతుక్కోవడం నకలులో వెతుక్కుందాం.”

నకలు తీయడానికి అతను వాడింది డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాము. దాని పద్ధతి పరీక్ష బాగా రాసే విద్యార్థి పద్ధతి. ముందు వచ్చిన ప్రశ్నలన్నీ రాసేస్తుంది, రానివి వదిలేస్తూ పోతుంది. డిస్కు చివరిదాకా వెళ్ళాక వెనక్కి వచ్చి, వదిలేసిన చోట్ల దగ్గర చిన్న చిన్న ముక్కలుగా మళ్ళీ ప్రయత్నిస్తుంది. ఎక్కడ చదివింది, ఎక్కడ రాలేదు అన్నది ఒక పటంలో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా మొదటి నుంచి మొదలుపెట్టనక్కరలేదు. మా ఊళ్ళో కరెంటు సంగతి తెలిసినవారికి దీని విలువ తెలుస్తుంది. బాగున్న డిస్కులు రెండున్నర గంటలకొకటి చొప్పున పూర్తయ్యాయి. మొదటి డిస్కు శనివారం రాత్రంతా, ఆదివారం మధ్యాహ్నం వరకు పట్టింది. చివరికి 48 కిలోబైట్లు మాత్రం రాలేదు. నాలుగు డిస్కులూ తీసి, పాత తువాలులో చుట్టి, నా బీరువాలో పెట్టి తాళం వేశాడు. అసలు పని అప్పుడు మొదలయ్యింది, నకళ్ళ మీద.

ఇక్కడ ఇంకో జాగ్రత్త ఉంది. దానికి నేను ముచ్చటపడిపోయాను. అట్లాసులో భారతదేశ పటం మీద నదులు గీయాలంటే మీరేం చేస్తారు? ట్రేసింగు కాగితం పరిచి దాని మీద గీస్తారు. తప్పితే కాగితం తీసేస్తారు, అట్లాసు శుభ్రంగానే ఉంటుంది. లినక్స్‌లో డిస్కుకు అలాంటి ట్రేసింగు కాగితం పరచవచ్చు. చదవడం కిందనున్న నకలు నుంచి జరుగుతుంది, రాసినదంతా పైనున్న పొరలో పడుతుంది. ఇది ఎందుకంటే, మనం రాయడం లేదనుకున్నప్పుడు కూడా కంప్యూటర్ రాస్తూనే ఉంటుంది. వెనకబడ్డ డిస్కును బలవంతంగా వరుసలో చేర్చమంటే దాని హాజరు లెక్క దిద్దేస్తుంది. చదవడానికి మాత్రమే తెరవమన్నా, కొన్ని ఫైలు వ్యవస్థలు సగంలో ఆగిన తమ చిట్టాను పూర్తిచేసుకుంటాయి. ఇక ఫైలు వ్యవస్థను బాగుచేసే ప్రోగ్రాము సంగతి చెప్పనే అక్కరలేదు. తనకు అర్థం కానిదాన్నల్లా చెత్తగా లెక్కకట్టి తుడిచేస్తుంది. డిస్కుల వరుస తప్పుగా కలిపి ఉన్నప్పుడు దాన్ని నడిపితే అన్నీ అర్థం కానివే కదా!

ఆ “క్రియేట్” ఆజ్ఞ గురించి అడిగాను. సమాచారం దానంతటదే కనబడుతుందన్నది పూర్తిగా అబద్ధం కాదట. వేరే దారులన్నీ మూసుకుపోయినప్పుడు నిపుణులు ఆ పని చేస్తారట, కాని ట్రేసింగు కాగితం మీద. ఆ ఆజ్ఞ ఇవ్వగానే డిస్కులలోని పాత వివరాలు పోయి కొత్తవి వచ్చి కూర్చుంటాయి. నాలుగు డిస్కులను 4 × 3 × 2 × 1, అంటే 24 రకాలుగా వరుసలో పెట్టవచ్చు. ముక్క ఎంత పొడవుండాలి, సమాచారం డిస్కులో ఎక్కడ మొదలవ్వాలి అన్నవి కూడా పాతవాటితో సరిపోవాలి. కొత్త ప్రోగ్రాము కొలతలు పాత ప్రోగ్రాము కొలతలు కాకపోవచ్చు. పైగా వరుస సృష్టించగానే సరి-బేసి లెక్క సరిచూస్తున్నానంటూ ఒక డిస్కు మీద రాయడం మొదలుపెడుతుంది. నేను ఎంటర్ నొక్కి ఉంటే, సగం మాత్రమే నిండిన కొత్త డిస్కును అసలైనదిగా నమ్మి, దానితో లెక్కకట్టి ఇంకోదాన్ని పాడుచేసి ఉండేది. పొర మీద అయితే 24 రకాలూ ప్రయత్నించవచ్చు. అసలు డిస్కు మీద ఒక్క తప్పుకే చోటుంది.

మాకు అంత అవసరం రాలేదు. ఒకటి, రెండు, నాలుగు నకళ్ళను పొర మీద కలిపితే వరుస నిలబడింది. చదవడానికి మాత్రమే తెరిచి, ముందు పాటలు, తర్వాత ఫోటోలు, చివర వీడియోలు రెండో 4 టెరాబైట్ల డిస్కులోకి తీశాడు. ఈ క్రమం అతను నన్నడిగి పెట్టుకున్నదే. వీడియోలు మళ్ళీ తీయవచ్చు, ముసలమ్మలను మళ్ళీ పాడించలేం.

ఇప్పుడు నా అభిప్రాయం చెబుతాను. పెద్దవాళ్ళలో కొందరికి నచ్చకపోవచ్చు.

బడులలో, గ్రంథాలయాలలో, చిన్న సంస్థలలో “మాకు రెయిడ్ ఉంది, భయం లేదు” అనే మాట తరచుగా వింటున్నాను. ఇది పొరపాటు. రెయిడ్ చేసేది ఒకటే, ఒక డిస్కు పోయినప్పుడు పని ఆగకుండా చూడడం. రైలు టిక్కెట్ల కంప్యూటర్‌కు, బ్యాంకుకు అది కావాలి, నిమిషం ఆగినా వాళ్ళకు కుదరదు. మా బడి పాటలు రెండు రోజులు ఆగినా ఎవరికీ నష్టం లేదు. పోతేనే నష్టం. ఎవరైనా పొరపాటున తుడిచేస్తే రెయిడ్ ఆ తుడవడాన్ని నాలుగు డిస్కుల మీదా శ్రద్ధగా చేసిపెడుతుంది. పిడుగు పడితే నాలుగూ ఒకే పెట్టెలో ఉన్నాయి. దొంగ ఎత్తుకుపోతే పెట్టెతో సహా పోతాయి. కాబట్టి నాలుగు డిస్కులు కొనగలిగిన బడి వరుస కట్టకుండా, రెండింటిలో వేరువేరుగా నకళ్ళు తీసి, ఒకటి బడిలోనూ ఒకటి ఇంకో ఊళ్ళోనూ పెట్టుకోవడం మంచిది. మిగిలిన రెండు డిస్కుల డబ్బుతో భూతద్దాలు కొనండి. వరుస కట్టాలనే సరదా ఉంటే కట్టండి, నేర్చుకోవడానికి మంచి పనే, కాని నకలు డబ్బు పక్కన పెట్టాకే.

పెద్ద పెద్ద చోట్ల కూడా ఇదే జరిగింది. 1998లో అమెరికాలో పిక్సార్ సంస్థవారు టాయ్ స్టోరీ 2 అనే బొమ్మల సినిమా తీస్తుండగా ఎవరో పొరపాటున ఇచ్చిన ఒక ఆజ్ఞతో సినిమాలో చాలా భాగం తుడిచిపెట్టుకుపోయింది. బ్యాకప్ ఉంది కదా అని చూస్తే అదీ సరిగా పనిచేయడం లేదు. గాలిన్ సుస్మన్ అనే ఉద్యోగిని పసిబిడ్డ తల్లి కావడంతో ఇంట్లో పనిచేసుకుంటూ ఉండేది. ఆమె ఇంటి కంప్యూటర్‌లో ఉన్న నకలే సినిమాను కాపాడింది. చూశారా? ఎంత గొప్ప యంత్రాలున్నా చివరికి ఆదుకున్నది వేరే ఇంట్లో ఉన్న ఒక నకలు.

మనకు ఇది కొత్త సంగతేమీ కాదు. తాటాకులు చిల్లులు పడిపోతాయని తెలుసు కాబట్టే మన పెద్దలు పాత గ్రంథాలను కొత్త ఆకుల మీదకు ఎక్కించేవారు. ఒకే గ్రంథం నాలుగు ఊళ్ళలో ఉండేది. తాళ్ళపాక వారు అన్నమయ్య సంకీర్తనలను తాటాకు కంటే గట్టిదని రాగిరేకుల మీద చెక్కించారు. తిరుమల గుడిలో ఒక అరలో ఉండిపోయిన ఆ రేకులు 1922లో వెలుగులోకి వచ్చాయి. రాగి చెడలేదు. కాని అన్నమయ్య రచించాడని చెప్పే 32 వేల సంకీర్తనలలో ఇప్పుడు మనకున్నవి సగం కూడా లేవు. పోయిన రేకులో ఏముందో మిగిలిన రేకులు చూసి లెక్కకట్టే ఉపాయం లేదు, రెండో ప్రతీ లేదు.

ఇంకొక మాట కంప్యూటర్ పాఠం గురించి. దానిలో పిల్లలకు ఏ మీట నొక్కితే ఏమవుతుందో చెబుతున్నాం. ఎప్పుడు ఏ మీటా నొక్కకుండా ఉండాలో చెప్పడం లేదు. భౌతికశాస్త్ర ప్రయోగంలో ముందు వలయం గీసుకుని, ఉపాధ్యాయుడికి చూపించి, తర్వాతే స్విచ్ వేయమంటాం. అదే పిల్లవాడు కంప్యూటర్ ముందు కూర్చోగానే “ఏదో ఒకటి నొక్కి చూద్దాం” అంటే నవ్వి ఊరుకుంటాం. నొక్కి చూడడం మంచిదే, అలాగే నేర్చుకుంటాం, అయితే నకలు మీద. పాత డిస్కు ఒకటి తెచ్చి, దానిలో అక్కరలేని ఫైళ్ళు పెట్టి, కావాలని వరుస చెడగొట్టి, మళ్ళీ నిలబెట్టే ప్రయోగం బడిలో చేయించవచ్చు. పెన్‌డ్రైవులు నాలుగున్నా చాలు. ఈ ఏడు మా తొమ్మిదో తరగతి వాళ్ళ చేత చేయించాను. ఒక జట్టు రెండు పెన్‌డ్రైవులు పీకేసి, సరి-బేసి లెక్కతో ఎంతసేపు కుస్తీ పట్టినా ఫైలు రాలేదని నామీద అలిగింది.

ఆ 48 కిలోబైట్ల సంగతి మిగిలిపోయింది. మొదటి డిస్కులో ఆ చోటు చదవడానికి రాలేదు, మూడో డిస్కు లేదు. నలుగురిలో ఇద్దరు లేనట్లే కదా, అంతమేరకు రెండు చిల్లులు పడ్డాయి. ఒకటి ఖాళీ చోటులో పడింది. రెండోది ఒక దంపుళ్ళ పాటలో పడింది. నేను దుకాణంలో ఇచ్చేసిన మూడో డిస్కు ఉండి ఉంటే ఆ చిల్లు కూడా పూడేదట. ఆ పాట 2016లో రికార్డు చేసింది, తర్వాత ఎవరూ దాన్ని మార్చలేదు. కాబట్టి మే నెలలో వెళ్ళిపోయిన డిస్కు లెక్కలో వెనకబడినా, ఆ చోట దాని దగ్గరున్నది సరైన పాఠమే. రెండు, నాలుగులతో కలిపి లెక్కకడితే మొదటిదానిలో పోయిన బిట్లు వచ్చేవి. పైగా కంప్యూటర్ రాసుకున్న చిట్టా చూసి అతను ఇంకో సంగతి చెప్పాడు. ఆ మూడో డిస్కు చచ్చిపోయింది కాదట. ఒక చోట చదవడానికి చాలాసేపు తంటాలు పడింది, లినక్స్ 30 సెకన్లు చూసి, ఇక రాదనుకుని బయటికి నెట్టేసింది. బతికున్న డిస్కును నేనే చేతులారా ఇచ్చివచ్చాను. అడగడానికి దుకాణానికి వెళ్ళాను కాని అప్పటికే కంపెనీకి పంపేశారు.

పాటలో ఆ చిల్లు మూడు సెకన్లు. పాడినామె 2019లో పోయింది. ఆమె మనవరాలు ఇప్పుడు మా బడిలో ఎనిమిదో తరగతి చదువుతున్నది. ఆ పాట వినిపిస్తే, ఖాళీ వచ్చిన చోట ఏముండాలో తనకు తెలుసునన్నది. ఆ చరణం ఇంట్లో వాళ్ళమ్మనడిగి రాసి తెమ్మన్నాను. ఇంకా తేలేదు.